రూబెన్ తాత బాగుచేసిన తుపాకీ

మినెసోటా,
ఏప్రిల్ 25, శుక్రవారం.

నాన్నకి మారిట్ ప్రేమతో రాసేది. ఇక్కడ నేనూ అమ్మా ఒంట్లో బాగానే ఉన్నాం. నువ్వూ, ఓడలో నీ తోటివాళ్ళూ సరస్సు మీద ఏ గాలివానకీ చిక్కకుండా ఉన్నారని తలుస్తున్నాను.

ఇవాళ తెల్లవారుతూనే ఒక ఆశ్చర్యం. ఆరున్నరకి ఎవరో తలుపు తడితే తీశాను. మెట్ల మీద కొత్తగా పడిన మంచులో రూబెన్ తాత నిలబడి ఉన్నాడు, చేతిలో పొడవాటి తుపాకీ పెట్టెతో. అమ్మ లోపలినుంచి, "ఏప్రిల్లో కూడా ఈ మంచేమిటండీ! రండి, కాఫీ తాగుదురుగాని" అని పిలిచింది.

"కాఫీకి రాలేదమ్మా. పిల్లకి ఇదిచ్చి పోదామని."

పెట్టెలో ఆయన సొంత సెమీ ఆటోమేటిక్ తుపాకీ ఉంది. గాల్లోకి ఎగరేసిన మట్టి బిళ్ళల్ని కొట్టే పోటీలకి ఆయన వాడుకున్నదే.

"మీ నాన్న తుపాకీ నా చేతుల్లో చెడింది. ఈ సీజన్‌కి దీంతో సరిపెట్టుకో, తల్లీ. భయపడకు, దీన్ని ఈ మధ్య నేను బాగుచెయ్యలేదులే" అని నవ్వాడు. వెళ్ళబోతూ అమ్మతో, తుపాకీలు బాగుచేసే కొట్టు మూసేశానని, మే నెలలో పనిముట్లు అమ్మేస్తానని చెప్పాడు.

పోయిన ఉత్తరంలో నువ్వు మూడు ప్రశ్నలడిగావు. భుజం ఎలా ఉందన్నావు. తుపాకీ తన్నిన మచ్చ నీలం పోయి పసుపులోకి దిగింది. నొప్పి లేదు.

ఏ తుపాకీ తీసుకుందామన్నావు. మేం రెండు చూశాం. డెల్మర్ కోచ్ చెప్పింది గ్యాస్‌తో నడిచేది. పేలినప్పుడు పుట్టిన గ్యాస్‌లో కొంత వాడుకుని తర్వాతి తూటాకి తానే సిద్ధమవుతుంది. బరువెక్కువ, పేలినప్పుడు భుజాన్ని తన్నడం తక్కువ. వందో బిళ్ళకి కూడా భుజం అలసిపోదట. కానీ మసి పడుతుంది, తరచూ విప్పి తుడవాలి. రెండోది తేలిక, శుభ్రం. కానీ గాడిదలా తంతుంది. మా జట్టులో టెస్సాకి ఆ రెండోదే ఉంది. "నువ్వు పిచ్చుకవి, అది నిన్ను వెనక కంచెకి కొడుతుంది పోవే!" అని ఏడిపించింది. రెండూ నాకు పొడవే. భుజానికి ఆనే కర్ర చివర కురచ చేయించాలి. ముసలాయన దగ్గరికి మాత్రం వద్దని కోచ్ అన్నాడు.

పొద్దున రూబెన్ తాత మన ముందుగదిలోనే తన తుపాకీ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసి, గోడవైపు తిప్పి నా చేతికిచ్చాడు. "కళ్ళు మూసుకుని భుజానికెత్తు. ఇప్పుడు తెరువు. నీ చూపెక్కడుందో గొట్టం అక్కడే ఉందా?" అన్నాడు. ఉంది. "అయితే ఇది నీదే. కొలతలన్నీ దాని తర్వాతే" అన్నాడు. ఆయన చేతులు కాస్త కూడా వణకలేదు నాన్నా. చాలాసేపు వాటినే చూశాను.

నీ మూడో ప్రశ్న, "ఆ ముసలాడు తప్పు ఒప్పుకున్నాడా?" అని. ఒప్పుకున్నాడు. చెయ్యని తప్పు ఒప్పుకున్నాడు.

ఆ శనివారం మైదానంలో ఏం జరిగిందో చెబుతాను. ఐదుగురం వరుసలో నిలబడ్డాం. నా కుడిపక్క టెస్సా. నా వంతు ఇంకా రాలేదు. అంతకుముందు బిళ్ళ తప్పిపోయింది, ఈసారి ఆలస్యం చెయ్యకూడదని తొందర. తూటా వేసి, బటన్ నొక్కి తుపాకీ మూసేశాను. మూసేటప్పుడే నా వేలు ట్రిగ్గర్ మీద ఉంది. పేలింది. టెస్సా బూటుకి అడుగు దూరంలో గడ్డి ఎగిరిపోయింది.

కోచ్ పరుగున వచ్చాడు. "మూస్తూనే దానంతటదే పేలిందా? వేలు ట్రిగ్గర్ మీద లేదుగా?"

"లేదు" అన్నాను.

ఆ తర్వాత నేనేమీ చెప్పక్కర్లేకపోయింది. మార్చిలో ట్రిగ్గర్ విప్పి శుభ్రం చేసింది ఎవరని కోచ్ అడిగాడు, అమ్మ చెప్పింది. కాగితం మీద "యాంత్రిక లోపం" అని రాశాడు. ఈ మధ్య నేను మాటలంటే పడి చస్తున్నానని నీకు తెలుసు కదా. ఆ మాట చూసి ఎంత శుభ్రంగా ఉందో అనుకున్నాను. అందులో మనిషే లేడు. కానీ ఊరు అందులో రూబెన్ తాతని చూసింది. వారంలో తొమ్మిది తుపాకీలు ఆయన కొట్టులోంచి వెనక్కి తీసుకుపోయారు. నువ్వు కూడా తప్పు ఆయనదేనని ఓడలో మన ఊరివాళ్ళందరికీ చెప్పానని రాశావు.

ఆయన నీ తుపాకీని మూడుసార్లు విప్పాడట. వంద సార్లు మూసి చూసినా పేలలేదట. "తప్పు దొరకలేదంటే నా కళ్ళే పోయాయన్నమాట" అని అమ్మతో అన్నాడు. అప్పుడు నేను పక్కగదిలో వ్యాకరణం చదువుకుంటున్నాను. లేచి రాలేదు.

అందుకని నాన్నా, కొత్త తుపాకీ కొనొద్దు. నీది బాగానే ఉంది. ఆయన ఎప్పటిలాగే చక్కగా బాగుచేశాడు. నిజం చెబితే నన్ను ఈ సీజన్‌కి జట్టులోంచి తీసేస్తారు. వంతు రాకముందే ట్రిగ్గర్ మీద వేలు పెడితే అదీ రూలు. అబద్ధానికి ఏ రూలుందో నాకు తెలియదు. కోపం వస్తే తిట్టి రాయి, కానీ ముందు ఓడలో నువ్వు చెప్పిన వాళ్ళందరికీ మళ్ళీ చెప్పు. అది నాకంటే ముందు ఆయనకి కావాలి.

అమ్మకింకా చెప్పలేదు. రేపు పొద్దున ఏడింటికి నన్ను రూబెన్ తాత ఇంటికి తీసుకెళ్ళమని అడుగుతాను, ఎందుకో కారులో చెబుతాను. ఆయనకి చెప్పాక, వస్తానంటే ఆయన్ని కూడా వెంటబెట్టుకుని, తొమ్మిదికి మైదానానికి వెళతాను. జట్టంతా అక్కడే ఉంటుంది. టెస్సా ముందు, అందరి ముందు, కోచ్‌కి చెబుతాను.

ఇట్లు,
నీ దగ్గర కూడా ఇన్నాళ్ళూ దాచిన
నీ కూతురు మారిట్