జేబెజ్ పిడికిట్లో కర్ర

గ్రాస్ వ్యాలీలో లవ్‌డే అక్కకి, లేచి తిరుగుతున్నాను, బెంగపడకు.

నా కొడుకు జేబెజ్ బ్రేకు వదిలేసి దూకాడని ఎవరన్నా నమ్మకు. వాడు బ్రేకు పట్టే, గనికి దుంగలు మోసే చిన్న రైలు వానలో జారి లోయలో పడింది. చక్రాలు జారకుండా పట్టాల మీద ఇసుక చల్లించడం కంపెనీ ఎప్పుడో మానేసింది. పైగా మేస్త్రీ గుమ్మంలోకొచ్చి, "తాగి దూకాడమ్మా. బ్రేకు బిగించే కర్ర కంపెనీది, ఇచ్చెయ్" అన్నాడు.

"దూకినోడి పిడికిట్లో కర్రెందుకుంటుందిరా? వేళ్లు విడక దాంతోనే పూడ్చాం. పోయి తవ్వుకో!" అన్నాను.

ఎర్రకోడి పొదుగుతోందా? బావగారిని ఈ బండి పనికి రానివ్వకు. దేవుడు మీ ఇంటిని చల్లగా చూడాలి. మన చర్చిలో వాడి పేరు గట్టిగా చదివించు. కర్ర వదల్లేదని కూడా చెప్పమను.

నీ చెల్లి టమ్సిన్