గొర్రె నడకకు సరిపోయే బండి

హరిహరం దగ్గర, కాలవ గట్టు
14 ఏప్రిల్ 2003

చిరంజీవి తమ్ముడు ఈరన్నకు, అన్న బయ్యన్న దీవించి రాసేది.

నీ ఉత్తరం అందింది. ఇక్కడ మనుషులం ఇద్దరం బాగున్నాం. జబల్పూరులో నువ్వూ, నువ్వు రిపేరు చేసే మిలిటరీ లారీలూ బాగుండాలని కోరుకుంటాను. పైన ఊరి పేరు చూసి, మడకశిర పక్కన ఉండాల్సినవాడు కన్నడ దేశంలో ఎందుకున్నాడు అనుకుంటావు. అది చెప్పడానికే కూర్చున్నాను. కానీ నా సంగతి నీకు తెలుసు. ఏ మాటకైనా నాలుగు వీధులు తిరిగి గానీ వాకిలికి రాను.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. మీ వదిన మోకాలు ఎట్లుందని అడిగావు. రాత్రి నొప్పి, పగలు కోపం. నువ్వు పంపిన తైలం పూస్తోంది. ఆ వాసనకు కుక్క గొంగడి దగ్గర పడుకోవడం మానేసింది. నాకు వేరే చోటు లేదు గనుక నేను పడుకుంటున్నాను. నా కళ్లద్దాల కాడ విరిగింది, దారం కట్టాను. నీ పెండ్లి మాట తర్వాత రాస్తాను.

ఇక బండి సంగతి.

పోయినేడు మేతకోసం హరిహరం కాలవ దాకా మంద తోలుకుపోతే, దారిలో ఈనిన పిల్లలను గంపలో పెట్టి నెత్తిన మోసి మీ వదిన ఆ మోకాలు పోగొట్టుకుంది. నిన్ను చంకనేసుకుని పెంచిన మనిషి. అందుకే నువ్వు రాశావు, ఈసారి వదిన నడవకూడదు, పాతదైనా ఒక పికప్ బండి చూడన్నా అని. ముందర మంద, వెనక బండి, బండిలో పిల్లలూ వంటసామానూ వదినా. చదివి వినిపిస్తే, "వాడు నన్ను సామాన్ల లెక్కలో ఏసినాడు" అని నవ్వింది. ఆ రోజంతా నవ్వుతూనే ఉంది.

మడకశిరలో దాదా ఖలందర్ షెడ్డు నీకు తెలుసు, నువ్వు పానా పట్టడం నేర్చింది అక్కడే. అమ్మకానికి రెండు బండ్లు ఉన్నాయన్నాడు. ఒకటి తెల్లది, ఒకటి నీలంది. బేరం మాట ఎత్తకముందే నేను అడిగాను, ఇవి ఎంత మెల్లిగా పోతాయి అని.

"బయ్యన్నా, ఎంత జోరుగా పోతాదని అడిగేటోళ్లను నలభై ఏండ్లుగా చూస్తాండా. ఎంత మెల్లిగా పోతాదని అడిగేటోణ్ణి నిన్నే చూసినా" అన్నాడు.

"నేను పోయేది గొర్రెల యెనకాల ఖలందరూ, మినిస్టరు యెనకాల కాదు."

తెల్లదాని ఇంజను చాలా మంచిది. తాళం తిప్పగానే పలుకుతుంది. పొగ లేదు. నువ్వు రాసినట్టే ఇంజను ఆడుతుండగా ఆయిల్ మూత తీసి అరచెయ్యి అడ్డం పెట్టాను, గాలి తన్నలేదు. దాని కష్టమంతా గేర్లలో ఉంది. రోడ్డు మీద పరుగులకు చేసిన బండి. మొదటి గేరులో వేసి కాళ్లు రెండూ తీసేసినా గొర్రె నడకకు రెండింతలు పోతుంది. అది తేల్చుకోవడానికి మీ వదినను నెత్తిన ఖాళీ గంపతో ముందు నడవమన్నాం. నాలుగు బారలు పోయేసరికి బంపరు ఆమె మడమల దగ్గరికి వచ్చేసింది. చీర ఎత్తిపట్టి గట్టెక్కి, "ఏమయ్యా, పెండ్లినాటి నుంచి దీనికోసరమే కాచుకోనుండావా?" అంది.

సగం క్లచ్ తొక్కిపట్టి తోలితే సరిపోదా అన్నాను. ఖలందర్ తల అడ్డంగా ఊపాడు. "దినానికి ఆరు మైళ్లు సగం క్లచ్ మీదనా? హరిహరం చేరేలోపల రెండు ప్లేట్లు కాలిపోతాయి."

నీలంది ముసలిది. కానీ మొదటి గేరులో వేసి వదిలితే మీ వదిన వెనకాల ఇంట్లో పెరిగిన ఎనుములా వచ్చింది. ఆమె అడుగు ఎంతో దాని అడుగు అంత. కాలు బ్రేకు మీద లేదు, క్లచ్ మీద లేదు. ఆమె వెనక్కి తిరిగి చూసి, "ఇది మన మందలో పుట్టిందే" అంది. మైలు దూరం అట్లా నడిచి, నీళ్లు మరిగి, నిలబడిపోయింది. మళ్లీ పలకలేదు. ముగ్గురం తోసుకుంటూ షెడ్డుకు తెచ్చాం. ఆయిల్ మూత తీస్తే పొయ్యిగొట్టంలా పొగ.

"రింగులు అరిగినాయి. మారిస్తే పదేండ్లు చూసుకునే పన్లేదు. ఇప్పినాంక లోపల ఇంకేముంటాదో అల్లాకే ఎరుక" అన్నాడు ఖలందర్.

అప్పుడే నీకు రాశాను, మంచి ఇంజనూ పనికిరాని గేర్లూ కొనాలా, మంచి గేర్లూ జబ్బు ఇంజనూ కొనాలా అని. నీ జవాబుకోసం కూర్చున్నాను.

ఇక్కడి నుంచి రాయడం కష్టంగా ఉంది. అయినా రాస్తాను.

శివరాత్రి అయిన మూడోనాడు మన మందలన్నీ కలిసి ఊరు దాటడం నాయన కాలం నుంచి ఉన్నదే. ఈసారి కూడా కదిలాయి. ఆదెప్ప తన మందను బాటన పెట్టి మన దొడ్డి దగ్గరికి వచ్చాడు.

"బయ్యన్నా, బండ్లు యాడికీ పోవు. వచ్చినాంక కొందువు. ఈడ మేత యాడుండాది? రా, పోదాం."

"తమ్ముడి జాబు రానీ ఆదెప్పా. రెండు దినాలు."

రెండు దినాలన్నవాణ్ణి ఇరవై దినాలు కూర్చున్నాను. నిజం చెప్తాను, నాకు బాగుండింది. యాభై మూడేళ్లలో ఒక వస్తువును ఎంచుకునే పని నాకెప్పుడూ రాలేదు. గొర్రెలను నాయన ఇచ్చాడు, మీ వదినను మేనమామ ఇచ్చాడు, కరువును దేవుడు ఇచ్చాడు. ఇది ఒక్కటే నేను ఎంచుకోవాల్సింది. అందుకని రోజూ మందను మీ వదినకు అప్పజెప్పి షెడ్డుకు పోయి, రెండు ఇంజన్లూ ఆడించుకుని వింటూ కూర్చునేవాణ్ణి. ఖలందర్ టీ తెప్పించేవాడు. మంద ఎండుగడ్డి పరకలు ఏరుకుంటూ తిరిగేది.

ఉగాది ముందర ఒక్క వాన పడింది. ఊరంతా సంతోషపడింది, నేనూ పడ్డాను. ఆ ఒక్క తడికి మన దొడ్డి పక్క చిన్నక్క చేనులో కోసిన జొన్నమోళ్లు చిగిర్చాయి. మళ్లీ వాన లేదు. జేనెడు పిలకలు ఎండకు వాడి నిలబడ్డాయి. ఆ పిలక గొర్రెకు విషమని మన కురుబోళ్లలో పాలుతాగే బిడ్డకు కూడా తెలుసు. గొర్రెకు తెలియదు. నెలరోజులుగా పచ్చన చూడని గొర్రెకు అసలు తెలియదు.

ఆ పొద్దు తెల్లబండిని మీ వదినకు ఇంకోసారి చూపిద్దామని ఖలందర్‌ను తోలమని ఊరికి వస్తున్నాను. చేను దగ్గరికి వచ్చేసరికి గొర్రెలు సగం ఆ పిలకల్లోనే పడిపోయి ఉన్నాయి. తక్కినవి తూలుతున్నాయి. మీ వదిన ఒక్కతే ఒకదాని నోట్లో చింతపండు నీళ్లు పోస్తోంది. అది అప్పటికే పోయింది.

"ఈ పక్క మళ్లిస్తే ఆ పక్క దూరినాయి. నా కాలు ఉరకనీలేదు" అంది. బండి వైపు చూసి, "కొన్న్యావా?" అని అడిగింది.

"లేదు గంగా. చూపిద్దామని తెచ్చినా."

"కొనొద్దులే. దాని ముందర నడిచేటివి పోయినాయి."

ఎనభై చిల్లర మందలో నిలబడినవి ఐదు. నల్లబొట్టుది కూడా పోయింది. నువ్వు సెలవుకు వస్తే నీ జేబులో మూతి పెట్టేది, అదే. చచ్చినవాటిని వంకలోకి చేర్చింది ఆ తెల్లబండే. ఐదు విడతలు. ఇసుకలో నిండు బరువుతో కూడా ఒక్కసారి ఆగలేదు. నువ్వు ఇంజను గురించి రాసిన మాటలు ఆ పొద్దు నాకు గుర్తుకొచ్చాయి. నిజంగా మంచి ఇంజను.

పాలు మరవని పిల్లలు పదకొండు దొడ్లో ఉండిపోయినందుకు బతికాయి. సాయంత్రం నుంచి తల్లులకోసం అరవడం మొదలుపెట్టాయి. అప్పటికి హరిహరం చేరి ఉండే ఆదెప్ప మందలో పాలిచ్చే మేకలు ఉన్నాయి. నడిపించుకుపోతే ఇరవై దినాల దారి, అవి రెండు దినాలు కూడా ఉండవు. పొద్దున్నే ఖలందర్, "ఎక్కించన్నా" అన్నాడు. బాడుగ మాట నేను ఎత్తితే తిట్టాడు. పిల్లలు, ఐదు గొర్రెలు, వంటసామాను, మీ వదిన. మందంతా ఒక పికప్‌లో పట్టింది.

బండి కదిలేటప్పుడు పోస్టాయన నీ ఉత్తరం చేతికిచ్చాడు. దారిలో చదివాను. ఇంజనును బాగుచేసుకోవచ్చు, గేర్ల నడకను మార్చుకోవడం కష్టం, నీలంది కొను అని రాశావు. సరైన మాట. నేను విన్న ఇంజన్లన్నిటికంటే సరైన మాట.

ఈ సంగతి నీకు రాయొద్దని మీ వదిన ఒట్టు పెట్టింది. "బండి కొనమనింది నేనే కదా అని వాడు ఆడ కుమిలిపోతాడు" అంది. అందుకే రాస్తున్నాను. వేరేవాళ్ల నోట వింటే నువ్వు ఆ మాటే అనుకుంటావు. నీ మాటలో తప్పు లేదు, నీ జాబు ఆలస్యంలో తప్పు లేదు. ఆదెప్ప పిలిచిన పొద్దు నేను లేచి పోయి ఉంటే చాలు. తమ్ముడూ, ఇది నాది. ఇందులో నీకు వాటా ఇవ్వను.

పిల్లల్లో ఎనిమిది మేకపాలు పట్టాయి. నేను ఆదెప్ప మంద వెనక తిరుగుతున్నాను. బండి ఇప్పుడేమీ చూడొద్దు.

తెల్లబండి ఏ గేరులో పోయింది అని నువ్వు తప్పకుండా అడుగుతావు. నాలుగో గేరు. మధ్యాహ్నం బువ్వ వేళకు హరిహరం చేరాం. ఊరు దాటినాక దారంతా మొదటి గేరు వేయాల్సిన పని పడలేదు. నువ్వు కోరినట్టే, మీ వదిన ఒక్క అడుగు నడవలేదు. ఒళ్లో రెండు పిల్లలను పెట్టుకుని, మంద ఏమైనా వెనకబడిందేమో అన్నట్టు, వచ్చిన దారినే చూస్తూ కూర్చుంది.

ఇట్లు,
ఆలస్యం చేసిన నీ అన్న,
బయ్యన్న