ఆగితే కాగే కారు

చెల్లీ, నేను క్షేమమే. కాలింది మా డ్రైవరు చెయ్యి.

మా కారులో ఏసీ, బండి పరుగెడితే చల్లగాలి, సిగ్నల్ దగ్గర ఆగితే వేడిగాలి ఇచ్చేది. పెట్రోలు మిగుల్చుకోవడానికి డ్రైవరే ఏసీ ఆపుతున్నాడని నిన్న నడిరోడ్డు మీద అరిచాను. పనివాణ్ణే దొంగ అనే బుద్ధిని ఇరవయ్యేళ్లుగా వ్యాసాల్లో ఏకిపారేస్తున్నవాణ్ణి నేను! ఇంతలో ఇంజిన్ పొగలు కక్కింది. కోపంలో నేనే రేడియేటర్ మూత తిప్పాను. "వద్దు సార్!" అని డ్రైవరు నన్ను తోసేశాడు. మరిగే నీళ్లు అతని మీద పడ్డాయి.

మెకానిక్ నన్ను ఎగాదిగా చూశాడు. "ఏసీ బాగానే ఉంది. రేడియేటర్ ఫ్యాన్ తిరగట్లేదు. బండి ఆగితే గాలాడక ఇంజిన్, ఏసీ రెండూ కాగుతాయి. ఓనర్లందరూ ముందు డ్రైవర్నే అంటారు లెండి" అన్నాడు.

మీ కారూ ఇలాగే చేస్తోందనీ, మీ ఆయన డ్రైవర్ని మాన్పించేస్తానంటున్నాడనీ రాశావు. ముందు ఫ్యాన్ చూపించండి. అమ్మ కళ్లద్దాలు వచ్చాయా? పిల్లలకు దీవెనలు. మీ ఆయనకు నమస్కారాలు, ఆ డ్రైవరు ఇంకా పనిలో ఉంటేనే.