పచ్చగుడ్డ కట్టిన గుంత

ఆదోని, 14-8-1979

అమ్మకు, నాయనకు జమ్రుద్ సలాములు.

నా కాలు విరగలేదు, బెణికింది అంతే. చదువు మాన్పించి తీసుకుపోవడానికి బయలుదేరవద్దు నాయనా. కొత్త బస్టాండు పనికని కాలిబాట బండలు లేపి, గుంత మూయకుండా వదిలేశారు. అందులో పడ్డాను. అర్జీ రాసుకుని పోతే కాంట్రాక్టరు, "అది మునిసిపాలిటీ బాట, ఆడ అడుగుపో" అన్నాడు. ఇంకెవరూ పడకూడదని, నేనుండే ఇంటి బడేబీ అత్త గుంత పక్కన కట్టె నాటి పాత పచ్చగుడ్డ కట్టింది. దాన్ని పీరు జెండా అనుకుని జనం ఊదుబత్తీలు వెలిగించి, చక్కెర పంచడం మొదలుపెట్టారు! మునిసిపాలిటీ ఓవర్సీరు పరుగున వచ్చాడు.

"ఏమ్మా, ఈడ దర్గా లేపుతాండారా?"

"బండలు ఏసెయ్ అప్పా, మా సామి ఎల్లిపోతాడు," అంది అత్త.

ఆయన నవ్వి, దగ్గరుండి బండలు పరిపించాడు. ఆ బాట బాధ్యత తమదేనని నేనిచ్చిన అర్జీ మీద రాసి సంతకం కూడా చేశాడు.

చెనక్కాయ చేనుకు వాన అందిందా? అమ్మా, ఎవరైనా వస్తే రొట్టెల్లోకి ఊరుబిండి పంపు.

అర్జీ రాసిందెవరని ఓవర్సీరు అడిగితే, "ఎమ్మిగనూరు పీరా సాబ్ కూతురు" అని అత్త బజారంతా వినబడేలా చెప్పింది నాయనా.

మీ దువా కోరే
జమ్రుద్