ఈరోజు బక్కన్నయ్య పుట్టినరోజు

అన్నం, కూర స్టవ్ పక్కన మూతపెట్టి ఉంచాను. వేడి చేసుకుని తినండి. నీళ్ళ మోటారు కట్టేయడం మర్చిపోకండి. నాకు పొద్దుటి షిఫ్టు, సాయంత్రం వస్తాను.

కూరలో ఉప్పు సరిపోయింది, రెండుసార్లు చూశాను. ఈ తారీఖున మీకు ఏదో ఒకటి తక్కువవుతుందని తెలుసు. పోయినేడు చొక్కా గుండీ ఊడిందని ఇల్లు పీకి పందిరేశారు. అంతకుముందు ఏడు తలుపు కిర్రుమంటోందని మొదలుపెట్టి మా అమ్మను కూడా మధ్యలోకి లాగారు. ఆ గుండీ, ఆ తలుపు ఏం చేశాయండీ? మీ నేస్తం బక్కన్నయ్య పోయినప్పటినుంచీ ఆయన పుట్టినరోజు వస్తే ఇంతే. ఆయన పేరెత్తరు, నామీద అరుస్తారు. ఇన్నాళ్ళూ పడ్డాను. ఈసారి నావల్ల కాదు.

బక్కన్నయ్య వాళ్ళావిడ నిన్న మళ్ళీ ఫోన్ చేసింది. స్కూటర్ షెడ్డులో మీరిద్దరూ కలిసి వాడిన పానాల పెట్టె ఇంకా వాళ్ళ గుమ్మం పక్కనే ఉందట. కొంటామని ఎవరెవరో వస్తున్నారట. "అన్నయ్య వచ్చి తీసుకెళ్ళాలి గానీ పరాయివాళ్ళకి ఎలా ఇస్తాను వదినా? మరీ ఇంతలా మొహం చాటేస్తారా?" అంది.

ఇవాళ వెళ్ళండి. ఏమీ మాట్లాడక్కర్లేదు. పెట్టె తీసుకుని వచ్చేయండి.

అన్నట్టు, గుమ్మందాకా వెళ్ళి వెనక్కి తిరిగినా షెడ్డులో ఒక్కరే కూర్చోకండి. ఇంటికి రండి. ఒక్క ఫోన్ చేస్తే మధ్యాహ్నమే సెలవడిగి వచ్చేస్తాను. అరవడానికైనా ఎదురుగా మనిషుండాలి కదా.