ఎవరూ లేరని చెప్పిన చోట

మే 12, ఆదివారం

అన్నయ్యకి,

చెల్లెలు నమస్కారాలతో రాస్తున్నది. నువ్వు, వదిన, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేను బాగానే ఉన్నాను గానీ ఎండకి బొగ్గులో కలిసిపోయేంత నల్లబడ్డాను. వదిన వింటే నాకిక సంబంధాలు రావని బెంగపెట్టుకుంటుంది, ఈ ముక్క ఆమెకి చదివి వినిపించకు. నీ ఆఫీసుకి చేరాల్సిన కాగితాలు వేరుగా వస్తాయి. ఇది ఇంటి ఉత్తరం.

పని ఎంతవరకు వచ్చిందని అడిగావు. గాలి, నీళ్లు పరీక్ష చేసేవాళ్లు ముగించుకుని వెళ్లిపోయారు. చప్పుడు కొలవడం నా వంతు. రేపు బొగ్గు కోసం కొత్త గొయ్యి తవ్వడానికి పేలుళ్లు మొదలైతే పోల్చుకోవాలి కదా, ఇప్పుడెంత నిశ్శబ్దంగా ఉందో ముందే రాసిపెట్టాలి. గొయ్యి అంచున పడే వీధిలో మైకు నిలబెట్టి, నా గొంతుతో తేదీ, చోటు చెప్పి, దూరంగా జీపు దగ్గరికెళ్లి కూర్చుంటాను. కంపెనీ తన దరఖాస్తులో ఆ వీధి ఖాళీ అని రాసింది. చూడ్డానికీ అలాగే ఉంది. అందర్నీ కొత్త కాలనీకి పంపేశారు. వాళ్లు తలుపులు కూడా ఊడదీసుకుపోయారు. గోడల మీద క్యాలెండర్లు వేలాడిన చోట్లు మాత్రం తెల్లగా మిగిలాయి. అందుకని తేదీ చెప్పాక, ఇక్కడ ఎవరూ లేరు అని కూడా చెప్పేదాన్ని.

మొదటి రోజు గదికొచ్చి రికార్డింగు విన్నాను. నా మాట అయిపోగానే, నా చెప్పుల చప్పుడు ఇంకా దూరం కాకముందే, ఎవరో ఉన్నాం అన్నారు. ఆడో మగో తేలని పొడి గొంతు. పక్కగదిలోంచి పిలిస్తే పలికినట్టుంది. అక్కడే నిలబడ్డ నా చెవికి మాత్రం ఏమీ వినపడలేదు.

డ్రైవరు వేళాకోళం అనుకుని నిలదీశాను. పాపం, తనకేమీ తెలియదని ఒట్టేశాడు. మర్నాడు అతన్ని టీకి పంపేసి ఒక్కదాన్నే వెళ్లాను. తేదీ ఒక్కటే చెప్తే ఏమీ లేదు. ఎవరూ లేరు అంటే ఉన్నాం అని బదులు. స్టాండు విరిగి మైకు నేల మీద పెట్టిన రోజు ఆ మాట మరీ దగ్గరగా వచ్చింది. నవ్వకు అన్నయ్యా, నాకు భయమేసింది. ఆ వీధిలో నడిచేటప్పుడు అడుగులు తేలిగ్గా వేయడం అలవాటైపోయింది.

నిన్న చివరి ఇంట్లోంచి పొగ రావడం చూసి ప్రాణం లేచొచ్చింది. ఒక పెద్దామె కాలనీలో ఉండలేక తిరిగొచ్చేసి ఒంటరిగా ఉంటోంది. ఆమెతో మాట్లాడటం ఒక పరీక్ష అనుకో. అడిగేది ఒకటి, చెప్పేది ఇంకొకటి. రోజూ పలుకుతున్నది మీరేనా అంటే, టీలో చక్కెర ఎక్కువైందా అంది. ఆమె భర్త కూడా నాన్నతో పాటే, పాత గని కప్పు కూలిన రోజు కింద ఉండిపోయాడట. అప్పట్లో పని ముగిసేవేళ మేస్త్రీ గని నోటి దగ్గర నిలబడి, లోపల ఎవరూ లేరు కదా అని కేకేసేవాడట. వెనకబడ్డవాడు ఉన్నాం అనాలి. ఒక్కడే ఉన్నా అంతే, చేతిలో దీపంతో కలిసి ఇద్దరం అని వాళ్ల వేళాకోళం. బదులు రాకపోతేనే తలుపు వేసేవాళ్లు. ఆ రోజు మాత్రం ఎవరూ కేకెయ్యకుండానే గని నోరు మూసేశారని, అదొక్కటే తనకి మింగుడుపడదని అంది. నా మాట విని, భర్త అలవాటు గుర్తొచ్చి, తనే బదులు పలికి ఉంటుందని తేల్చుకున్నాను. చాలా రోజుల తర్వాత కంటినిండా నిద్రపోయాను.

ఇక అసలు సంగతి. వీధి ఖాళీ అన్న మాట అబద్ధం, అక్కడ ఒక మనిషి ఉంది. అది దిద్దకుండా అనుమతి కాగితం మీద సంతకం పెట్టకు. ఆ వీధి కిందున్న పాత గని సొరంగాల్లో ఏమీ లేదని కూడా కంపెనీ రాసింది. ఇన్నేళ్లయ్యాక అక్కడేం మిగిలుంటుందని నువ్వు ఫోన్లో అన్నావు. నాకు కోపమొచ్చింది, ఇంకా తగ్గలేదు. ఆ గొయ్యి తవ్వితే యంత్రాలు నేరుగా నాన్న మీదికే దిగుతాయి. ఆయన పోయేనాటికి నేను ఉయ్యాల్లో ఉన్నాను. నువ్వు ఆయన వేలు పట్టుకుని గనిదాకా వెళ్లి, టాటా చెప్పి వచ్చేవాడివని అమ్మ చెప్పింది.

డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. పిల్లలకి ముద్దులు.

నీ చెల్లెలు

తా.క. కవరు అంటించబోతుంటే పెద్దామె కూతురు కాలనీ నుంచి వచ్చింది. తల్లికి రెండు చెవులూ వినపడవట. గని కూలిన చప్పుడుకే పోయాయట. వీధిలో నేనేం అంటున్నానో ఆమెకి వినే వీలే లేదు. ఆమె గొంతు మనసులో పెట్టుకుని రికార్డింగు మళ్లీ విన్నాను. అది మగ గొంతు, అన్నయ్యా. మెమరీ కార్డు ఇందులోనే పెడుతున్నాను. అమ్మకి వినిపించకు. నాన్న గొంతు ఎలా ఉంటుందో నాకు తెలియదు. నీకు తెలుసు. సంతకం పెట్టేముందు ఒక్కసారి విను.