వదిన ఊరి తంగేడు

సద్దుల బతుకమ్మకు ముందు రోజు. కర్టెన్లు ఉతికాను, నువ్వులు వేయించాను, తాంబాళం తోమాను.

పోయినేడు, ఏటా నాకు పూలొచ్చే వదిన ఊళ్లో అడవి అంచంతా లంటానా కంప కమ్మేసి తంగేడు పూయలేదు, మేకలకు గడ్డీ లేదు. పక్కింటి పద్మక్క తన పూలలో సగం ఇస్తేనే నా బతుకమ్మ నిలబడింది. ఈసారీ అడగాల్సి వస్తుందేమోనని పొద్దున్నుంచీ బెంగ.

సాయంత్రం వదిన సంచి నిండా తంగేడుతో దిగింది. చేతుల మీద ముళ్లు గీసిన మచ్చలు.

"ఆడోళ్లమంత కలిసి వానలకు ముందే కంపను వేర్లతోని పీకినం. జర చూడు, ఎట్ల పూసిందో!"

"మళ్లీ మొలిస్తే?"

"మళ్ల పీకుతం. మాకంటె మొండిదా ఏంది?"

ఇద్దరం పడీపడీ నవ్వాం. గుట్ట అవతలంతా ఇంకా కంపేనట...

సగం పూలు పద్మక్కకు ఇచ్చొచ్చాను. "అప్పు తీర్చనీకి వచ్చినవా?" అంది. తీరింది.